నాకు ఉంది, నా దగ్గర ఉంది

మేష్టారు పోయారని వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టేసరికి నేను దోహాలో మా ఆఫీసులో కూర్చుని డ్రాయింగుల మీద రివిజన్ నంబర్లు సరిచూస్తున్నాను. ఇంగ్లీషులో రెండే ముక్కలు రాసింది. నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు, ఆదివారం మా ఊళ్ళో సమాధి చేస్తాం, అని. చదివి, ఫోన్ బోర్లా పెట్టి, మళ్ళీ పనిలో పడ్డాను. ఏడుపు రాలేదు. పైగా కోపం వచ్చింది. పోయేముందు మనిషి ఒక్క ఫోన్ చెయ్యకూడదా? నాకెప్పుడూ కోపం ముందు, ఏడుపు తరవాత. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది.

మేష్టారు అన్నది మేం పెట్టుకున్న పేరు. ఆయనది బల్గేరియా. మా ఆయన చాలాకాలం అది అల్జీరియా పక్కన ఉంటుందని నమ్మాడు. ఇప్పటికీ ఆ నమ్మకం పూర్తిగా పోలేదని నా అనుమానం. మేష్టారిది నున్నటి బట్టతల, చెవుల్లోంచి పొడుచుకొచ్చిన తెల్లవెంట్రుకలు, దోహా ఎండల్లో కూడా ఒంటిమీంచి దిగని చేతుల్లేని ఊలు స్వెట్టరు. వాళ్ళ దేశంలో రిటైరయ్యాక ఇక్కడ ఒక చిన్న అనువాదాల ఆఫీసులో చేరారు. కంపెనీల కాగితాల్ని రష్యన్‌లోకి మార్చడం డ్యూటీ. అది తిండి కోసం. ఆయన బతుకంతా గడిచింది మాత్రం పాత స్లావు భాషల క్రియాపదాల మీద. మా కోనసీమలో కొందరు కోడిపందేల మీద పెట్టే ప్రాణాన్ని ఆయన క్రియాపదాల మీద పెట్టారు. ఇద్దరికీ మిగిలేది ఒకటేననుకోండి.

దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మా బిల్డింగ్ పాతది. కింద టైలరు షాపు, పక్కన కరక్ టీ కొట్టు. ఓనరు ఒక ఫ్లాట్‌కి మధ్యలో జిప్సమ్ బోర్డు కొట్టి రెండు పోర్షన్లు చేశాడు. ఇటు మేము, అటు ఆయన. మేము అంటే ముఖ్యంగా నేను. మా ఆయనకి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు పని, అల్ ఖోర్ క్యాంప్‌లో ఉండి సెలవు దొరికినప్పుడు వస్తాడు. ఆ బోర్డు ఎంత గట్టిదంటే ఇవతల నేను పోపు వేస్తే అవతల ఆయన తుమ్మేవారు. నేను అమలాపురంలో ఉన్న మా అక్కతో ఫోన్లో మాట్లాడిందంతా ఆయనకి వినపడేది. వినపడటం వేరు, చెవి పెట్టి వినడం వేరు. ఆయన వినేవారని నాకు తరవాత తెలిసింది.

ఇక్కడ వారం సెలవు శుక్రవారమే. అలాంటి ఒక శుక్రవారం చర్చిలో ఆరాధన నుంచి వచ్చి కోడికూర పొయ్యి మీద పెట్టాను. తలుపు చప్పుడైంది. తీస్తే ఈయన.

"క్షమించండి. డూ యూ హ్యావ్ హ్యావ్?" అన్నారు.

పాపం, నత్తి అనుకున్నాను. "ఏం కావాలండీ? ఉప్పా? పంచదారా? ఉప్పేనా?" అని ఇంగ్లీషులో అడిగాను. తల నిలువుగా ఊపారు. లోపలికెళ్ళి గుప్పెడు ఉప్పు పొట్లం కట్టి ఇచ్చాను. మర్యాదగా పుచ్చుకుని, కదలకుండా, మళ్ళీ అదే ప్రశ్న వేశారు. బల్గేరియావాళ్ళు తల నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే ఔనని నాకప్పటికి ఎవరూ చెప్పలేదు.

లోపల్నుంచి మా ఆయన "ఎవరే?" అన్నాడు.

"పక్క పోర్షనాయన. ఏదో అడుగుతున్నారు. అది మన దగ్గర ఉందో లేదో తెలీట్లేదు," అన్నాను తెలుగులో.

మేష్టారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. "దగ్గర! ఉందో! లేదో!" అని నా మాటల్ని నాకే అప్పజెప్పారు. సంగతేమిటంటే, కొన్ని నెలలుగా గోడ పక్కన కూర్చుని నా మాటల్లో ఇంగ్లీషు 'హ్యావ్'కి సరిపడే క్రియ కోసం వెతుకుతున్నారట. దొరకలేదట. "మీకు అన్నీ ఉంటాయి. జ్వరం ఉంటుంది, బియ్యం ఉంటాయి, అక్క ఉంటుంది. కానీ మీరు దేన్నీ హ్యావ్ చెయ్యరు. ఆ క్రియ మీ భాషలో ఉందా లేదా?"

గరిటె పట్టుకుని ఆలోచించాను. నిజమే. నాకు జ్వరంగా ఉంది, నా దగ్గర చిల్లర లేదు, ఇంట్లో బియ్యం ఉన్నాయి. అవి ఉంటాయంతే, మనం వాటిని ఏమీ చెయ్యం. పుట్టినప్పట్నుంచీ తెలుగు మాట్లాడుతున్నాను గానీ ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. మాట పడటం ఇష్టం లేక, "ఎందుకు లేదు? చర్చిలో 'కలిగి యుండుట' అంటాం," అన్నాను. కలుగు అంటే ఏమిటన్నారు. పుట్టడం, సంభవించడం అన్నాను. పిల్లలు కలుగుతారు, కష్టాలు కలుగుతాయి, ఉన్నవాళ్ళని కలవారంటాం అని కూడా చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈలోపు కూర అడుగంటింది. ఆ పూట మా ఆయన మాడు కూర తింటూ నన్ను కాదు, బల్గేరియాని తిట్టాడు.

అలా మొదలైంది మా స్నేహం. ఆయనది ఒక్కటే క్రియ. రష్యన్, పోలిష్, బల్గేరియన్ లాంటి భాషలు విడిపోకముందు వాటన్నిటికీ ఒక తల్లి భాష ఉండేదట. ఆ భాషలో ఒక్క ముక్క కూడా ఎవరూ రాసిపెట్టలేదు. పిల్లభాషల పోలికల్ని బట్టి తల్లి రూపు కట్టుకోవాలి. ఆ తల్లి భాషలో 'కలిగి ఉండు' అన్న క్రియ ఎలా పుట్టింది, ఎలా మారింది అన్నదే ఆయన చదువు. దాన్ని చెప్పేటప్పుడు ఆయన చెయ్యి చూడాలి. కుడిచేతిని బల్ల మీద విప్పి పెట్టేవారు. వేళ్ళు మెల్లగా మూసేవారు. ఇది 'తీసుకో'. మళ్ళీ విప్పి, మూసి, విప్పి, మూసి చూపించేవారు. ఇది 'మాటిమాటికీ తీసుకో'. చివరికి పిడికిలి మూసి అలాగే ఉంచేవారు. "ఇదిగో, ఇదే 'కలిగి ఉండు'. తీసుకోవడం అయిపోయాక మిగిలే స్థితి. మావాళ్ళు ముందు తీసుకున్నారు, తరవాత కలిగి ఉన్నారు. అదే ధాతువు లాటిన్‌వాళ్ళ చేతిలో పడి కొనడం అయింది. మీకేమో కలుగుతుంది. మీరు చెయ్యి చాచనే లేదు!" అనేవారు, మమ్మల్ని మెచ్చుకుంటున్నట్టు. చెయ్యి చాచకుండానే ఇంత దూరం వచ్చామా అని నేను లోలోపల అనుకునేదాన్ని గానీ పైకి అనేదాన్ని కాదు.

ఆ క్రియ రూపాల్ని ఆయన మా చిన్నప్పటి ఎక్కాల్లా వల్లించేవారు. యిమామి, యిమాషి, యిమాతి. మెట్లెక్కుతూ, టీ చల్లార్చుకుంటూ, లిఫ్టు కోసం నిలబడి. మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బాపతు నేను. "కరోమి, కరోషి, కరోతి!" అన్నాను. నా జన్మలో ఆ సంస్కృతం పనికొచ్చిన రోజు అదొక్కటే. ఆయన నన్ను కొత్తగా దొరికిన చుట్టాన్ని చూసినట్టు చూశారు. సంస్కృతంలో లాగే ఆ పాత భాషలో కూడా ద్వివచనం ఉందట. ఇద్దరున్నప్పుడు మాత్రమే వాడే రూపం. ఏకవచనం గట్టిగా పలికి, బహువచనం ఇంకా గట్టిగా పలికే మనిషి, మధ్యలో 'యిమావే', మా ఇద్దరికీ ఉంది, అన్న చోటికొచ్చేసరికి గొంతు దించేసేవారు. బల్గేరియన్ క్రియల్లో ఆ రూపాలు ఏనాడో పోయాయట. "ఇద్దరిలో ఒకరు పోతే ఇంకా అదెందుకు?" అన్నారొకసారి. భాష గురించే అంటున్నారనుకున్నాను.

మా బిల్డింగ్ నాతూర్ రాజన్నకి మేష్టారంటే ఇష్టమూ, కోపమూ రెండూ ఉండేవి. నాతూర్ అంటే ఇక్కడ బిల్డింగ్ చూసుకునే మనిషి. రాజన్నది జగిత్యాల వైపు పల్లె. పొద్దున్నే కింద పార్క్ చేసిన కార్లు కడుగుతాడు. దుమ్ముగాలి వీచిన మర్నాడు ప్రతి కారు అద్దం మీదా పిండి పూసినట్టు మట్టి ఉంటుంది. మేష్టారికి అది పలక. ఆఫీసుకి వెళ్తూ వేలితో అద్దం మీద యిమామి, యిమాషి రాసి, ఒక్కోదాని ముందూ ఒక నక్షత్రం గుర్తు పెట్టి పోయేవారు. ఒక ఈజిప్టు ఆయన తన కారు మీద ఎవరో చేతబడి చేశారని గోల చేశాడు. రాజన్న పరిగెత్తుకెళ్ళి తుడిచాడు.

"గీ చుక్క ఎందుకు సార్? మాట రాస్తే రాసినవ్. చుక్కెందుకు పెడ్తున్నవ్?" అని ఆ సాయంత్రం నిలదీశాడు. నేను మధ్యలో ఉండి అటూ ఇటూ చెప్పాను.

ఎవరూ విననిది, ఎక్కడా రాసి లేనిది, అయినా ఉండి తీరాల్సిన మాటకి ఆ గుర్తు పెడతారని మేష్టారు చెప్పారు.

"ఎవ్వలూ ఇననిదాన్ని నువ్వెట్ల జెప్తవ్ సార్?"

"ముగ్గురు అన్నదమ్ముల ముక్కు ఒక్కలాగే ఉంటే, వాళ్ళ తాత ముక్కు ఎలా ఉండేదో చెప్పలేవా?"

రాజన్న తన ముక్కు తడుముకుని, "గంతేనా? గట్లయితే మా తాత ముక్కుకు గూడ చుక్క పెట్టాలె. ఫోటో లేదు," అన్నాడు. అప్పట్నుంచి ఆయన రాతని కొంచెంసేపు ఉంచి తుడిచేవాడు.

తెలుగు మీద ఆయన పడినంత మోజుగా పడితే ఎవరికైనా తిప్పలే. 'గారు' అన్నది ఆయనకి తెగ నచ్చింది. రాజన్న గారు, డ్రైవర్ గారు, మెట్ల కింద పడుకునే పిల్లి గారు. బల్గేరియన్‌లో 'నాకుంది' అనాలంటే 'ఇమామ్' అంటారు కాబట్టి టీ కొట్టు దగ్గర గుండెల మీద చెయ్యేసుకుని "ఇమామ్, ఇమామ్" అని మాకు వివరిస్తుంటే, నమాజుకి వెళ్తున్న పెద్దాయనొకరు ఆగి, ఈ స్వెట్టరు మనిషి ఏ మసీదు ఇమామ్ అని అడిగారు. ఇంకోటి చెప్పకపోతే ఆయన బొమ్మ పూర్తికాదు. కొత్త మాట ఏది చెవిన పడినా అది ఏ తల్లి మాటలోంచి పుట్టిందో కావాలి ఆయనకి. 'దీని అమ్మ ఎవరు' అనడం నేనే నేర్పాను. ఆయన మనం మాట్లాడినట్టే కలిపి నేర్చుకున్నారు. కిరాణా కొట్లో, జనం మధ్యలో, బెండకాయ చేత్తో ఎత్తి పట్టుకుని, "దీనమ్మ! దీనమ్మ ఎవరు?" అని కేకేశారు. రాజన్న బియ్యం బస్తా మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

నవ్వులాట ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆగిపోయింది. మా ఆయన సెలవు మీద వచ్చాడని చేపల పులుసు పెట్టి మేష్టారినీ, రాజన్ననీ భోజనానికి పిలిచాను. ముద్ద కలుపుకుంటూ రాజన్న అడిగాడు, "పిల్లలెంతమంది సార్?"

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయనకి అర్థమైంది. నిటారుగా కూర్చుని, సొంతంగా, తెలుగులో చెప్పారు. "నా దగ్గర ఒక కూతురు గారు ఉంది."

రాజన్న ముద్ద నోటిదగ్గర ఆపి, జిప్సమ్ బోర్డు వైపు చూశాడు. "ఏడుంది? నీ రూమ్ల ఎవ్వలు లేరు గద సార్!"

మేమంతా గొల్లుమన్నాం. ఆయన నవ్వలేదు. ఎక్కడ తప్పిందని నన్నడిగారు. నేను టీచరమ్మ అవతారమెత్తాను. "సంచి, ఫోను, తాళాలు, చిల్లర, ఇలా ఎక్కడో పెట్టి మర్చిపోగలిగినవి 'నా దగ్గర' ఉంటాయి. చేతులూ కాళ్ళూ, అమ్మా నాన్నా, అక్కా, పిల్లలూ 'నాకు' ఉంటారు. 'నా దగ్గర కూతురు ఉంది' అంటే మీతో కలిసి ఉంటోందని. ఇదిగో, నాకు మొగుడున్నాడు. రోజూ నా దగ్గర ఉండడు, రాస్ లఫాన్‌లో ఉంటాడు. అయినా నాకు ఉన్నాడు."

"ఉన్నాను, ఉన్నాను," అన్నాడు మా ఆయన పులుసు జుర్రుకుంటూ.

మేష్టారు ఇంగ్లీషులోకి మారిపోయారు. "ఆమె నాతో మాట్లాడటం మానేసింది. అయినా 'నాకు' అనొచ్చా?"

"అనొచ్చండి."

"ఆమె వద్దంటే?"

"ఆమె ఏమన్నా సరే. ఆ 'నాకు'ని ఎవరూ తీసెయ్యలేరు."

"వ్యాకరణం ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

కూతురు ఎక్కడుందని మా ఆయన అడిగాడు. ఇదే ఊళ్ళో, అన్నారు. ఊరి ఉత్తరం చివర లుసైల్‌లో బిల్డింగులు డిజైన్ చేసే ఆఫీసులో ఉద్యోగమట. ఆమె ఇక్కడుందనే ఈ వయసులో ఇక్కడ పని వెతుక్కుని వచ్చారట. కబురు పంపితే జవాబు లేదట. "లుసైల్ అంటే మీ లెక్కలో దగ్గరేనా?" అని అడిగారు.

"మెట్రోల పోతే దగ్గర్నే సార్," అన్నాడు రాజన్న. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు చెప్పారు జరిగింది. ఆయన భార్య వాళ్ళ ఊరి బళ్ళో భాష చెప్పే టీచరు. తప్పుగా పలికితే సొంత మొగుణ్ణి కూడా వదిలేది కాదట. ఆమె పోయినప్పుడు వాళ్ళ ఊరి పాదిరి గారు పాత చర్చి భాషలో ప్రార్థన చదువుతున్నారు. ఎదురుగా పెట్టె. పెట్టె పక్కన కూతురు. పాదిరి గారు ఈ క్రియ దగ్గరే, వాళ్ళందరికీ ఉంది అని బహువచనం చదవాల్సిన చోట ఏకవచనం చదివారు. మేష్టారు జనంలోంచి చెయ్యెత్తి గట్టిగా సరిదిద్దారు. గుడి మొత్తం తిరిగి చూసింది. సమాధి దగ్గర కూతురు ఒక్కటే మాట అందట. నీకు మేమెవరం లేము నాన్నా, నీకు మాటలే ఉన్నాయి, అని. అంతే. ఆ తరవాత మాట్లాడలేదు.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు చేశారండీ అలాంటి పని?" అని అడిగేశాను. మా ఆయన బల్లకింద నా కాలు తొక్కాడు.

"అది ఆమె గురించి చదివే ఆఖరి మాట," అన్నారు మేష్టారు. "తప్పుగా పంపించడం నా వల్ల కాలేదు."

"ఈ ముక్క మీ అమ్మాయితో చెప్పారా?"

తల అడ్డంగా ఊపబోయి, మా పద్ధతా వాళ్ళ పద్ధతా తేల్చుకోలేక, మధ్యలో ఆపేశారు. చెప్పలేదని నాకు అర్థమైంది.

సముద్రపు గాలి కోసమని చెప్పి మేష్టారు వారం వారం లుసైల్ వెళ్తుంటారని మాకు తెలుసు. ఆ గాలి ఏమిటో ఇప్పుడు తెలిసింది. తరవాతి వారం నా డ్యూటీ అయ్యాక నేనూ వెళ్ళాను. మెరీనా పక్కన ఒక అద్దాల బిల్డింగ్ ఎదురుగా బెంచీ మీద స్వెట్టరు వేసుకుని కూర్చున్నారు. ఆఫీసులు వదిలే వేళ. ఆమె బయటికొచ్చింది. చెప్పక్కర్లేదు, అదే నుదురు, అదే నడక. ఈయన లేచి నిలబడ్డారు. అన్నేళ్ళూ నోటినిండా రూపాలున్న మనిషికి ఒక్క రూపం రాలేదు. చెయ్యి మాత్రం ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

ఆమె నన్ను చూసి, "మీరు ఆయన స్టూడెంటా? ఆయన్ని నమ్ముకోకండి. ఆయన ప్రేమంతా మాటల మీదే," అంది ఇంగ్లీషులో.

నాకు నోరు ఊరుకోదు. అరిచాను, నలుగురూ చూస్తున్నారని కూడా లేదు. "అమ్మాయ్, మాటల మీద ప్రేమైతే ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకునేవాడు. మీ అమ్మకి తప్పులంటే పడదు. ఆమె కోసం చదివే ఆఖరి మాట తప్పు పోకూడదని అడ్డం పడ్డాడు. అది చెప్పడం చేతకాక నీ బిల్డింగ్ ముందు బెంచీలు అరగదీస్తున్నాడు. నువ్వు అడగవు, ఆయన చెప్పడు. మధ్యలో మాకు పులుసు దిగట్లేదు!"

ఆమె ఆయన వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చిన్న ప్రశ్న అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇంత అరిచి చెప్పాక కాదంటాడేంటి ఈయన! అంతలోనే గుర్తొచ్చింది, వాళ్ళకి అది ఔను. ఆమె బ్యాగు భుజాన సర్దుకుని వెళ్ళిపోయింది.

"ఏమడిగింది?" అన్నాను మెట్రోలో.

"నిజమేనా అని."

ఇంకో రెండు స్టేషన్లు వెళ్ళాక ఆయనే అన్నారు. "ఇన్నేళ్ళు బయట ఉంది కదా. ఆ వాక్యంలో ఒక రూపం తప్పు వాడింది." నేను కంగారుగా చూశాను. "సరిదిద్దలేదు," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు ఆయన్ని చూస్తే పొంగిపోయినంత గర్వంగా అనిపించింది.

కొన్ని శుక్రవారాలు ఏమీ జరగలేదు. నాకు మళ్ళీ కోపం మొదలైంది. ఒక రోజు మధ్యాహ్నం కింద నుంచి రాజన్న కేక. "అక్కా! సార్ బిడ్డ అచ్చింది! సార్‌కు జెప్పు, జల్ది, యల్లా యల్లా!"

గోడవతల వాళ్ళు దెబ్బలాడుకున్నారు. దెబ్బలాట అని ఏ భాషలోనైనా తెలుస్తుంది. ఆమె గట్టిగా, ఈయన నీరసంగా. తరవాత ఈయన కూడా గట్టిగా. తరవాత ఏమీ వినపడలేదు. నేను చెవి బోర్డుకి ఆనించి నిలబడ్డాను. సిగ్గుపడి పొయ్యి దగ్గరికొచ్చి మళ్ళీ వెళ్ళి ఆనించాను. చివరికి తలుపు కొట్టింది ఆయనే. వెనకాల ఆమె, ఏడ్చిన ముఖంతో. ఆయన గొంతు సవరించుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, తెలుగులో అన్నారు. "నాకు ఒక కూతురు ఉంది." కాస్త ఆగారు. "ఈరోజు నా దగ్గర కూడా ఉంది."

ఒక్క తప్పు లేదు. 'గారు' కూడా లేదు. లోపలికి రమ్మని అన్నం పెట్టాను. ఆమె మా కూర కారానికి ముక్కు చీదుకుంటూ తింది. అది కారం వల్లనే అని మేం అందరం ఒప్పుకున్నాం.

ఆ తరవాత ఆమె వస్తూ పోతూ ఉండేది. మేష్టారికి ఆఫీసులో ఒప్పందం అయిపోయి వాళ్ళ ఊరు వెళ్ళిపోయినప్పుడు ఎయిర్‌పోర్టుకి కారులో తీసుకెళ్ళింది ఆమే. మేష్టారి పోర్షన్‌లోకి ఇప్పుడు కేరళ కుర్రాళ్ళెవరో వచ్చారు. వాళ్ళు తుమ్మరు, అడగరు. నా మాటలు గోడ దాటి వెళ్ళి ఎవరికీ పనికిరాకుండా పోతున్నాయి. మా అక్కతో ఫోన్లో మాట్లాడుతూ 'నా దగ్గర' అని ఎక్కడైనా అన్నానంటే ఒక్క క్షణం ఆగుతాను, అవతల ఎవరైనా పట్టుకున్నారేమోనని. అలా వినేవాడు లేకపోవడం ఎంత వెలితో నాకు ఆయన వెళ్ళాకే తెలిసింది.

ఆదివారం పొద్దుపోయాక మేష్టారి కూతురు ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. బాగా జరిగిందా అని అడిగాను. అలాంటప్పుడు ఇంకేం అడుగుతాం?

"అదే పాదిరి గారు," అంది. "ఇంకా ముసలివాడైపోయాడు. అమ్మప్పటి ప్రార్థనే చదివాడు. అదే చోట అదే తప్పు."

"నువ్వు?"

"చెయ్యెత్తాను. గుడంతా వినపడేలా సరిదిద్దాను. అందరూ నా వైపే చూశారు."

"మరి పాదిరి గారు?"

"కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా నాన్న పెట్టె వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు."